ఆర్‌ఎక్స్‌-7కి కొత్త ఇంటర్‌కూలర్ పైపులు వేశా, బూస్ట్ ఎక్కగానే ఊడొస్తున్నాయి

త్రికోణం_13బి | శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన బండి ఆపి, టార్చిలైటు నోట్లో పెట్టుకుని గంటసేపు స్క్రూడ్రైవర్ తిప్పి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఇక అడగక తప్పదు.

బండి మాజ్డా ఆర్‌ఎక్స్‌-7, ఎఫ్‌డీ అనే మూడో తరం బండి, 1993 మోడల్. నేను మూడో ఓనర్‌ని. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, అది ఈ దేశానికి ఎలా వచ్చిందన్న కథ ఇక్కడ వద్దు. ఇంజిన్ 13బి-ఆర్‌ఈడబ్ల్యూ, అంటే పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్. టర్బోలు రెండూ కంపెనీవే, సీక్వెన్షియల్ సిస్టమ్ (ముందు ఒక టర్బో, తర్వాత రెండోది అందుకునే ఏర్పాటు) కూడా అలాగే ఉంది. మార్చింది ఒక్కటే: కంపెనీ వాళ్ల చిన్న ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) తీసేసి ముందు బంపర్ వెనక పెద్దది పెట్టించాను. దానితో పాటు 63 మి.మీ. అల్యూమినియం పైపులు, నీలం రంగు సిలికాన్ జాయింట్లు, స్క్రూ క్లిప్పులు అన్నీ ఒకే కిట్‌లో వచ్చాయి. బిగించింది నగరంలోనే ఒక గ్యారేజీ. బ్యాటరీ అడ్డొస్తోందని దాన్ని వెనక డిక్కీలోకి మార్చారు. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) వైపు పైపు పొడవెక్కువై బానెట్‌కి తగులుతోందని రెండంగుళాలు కోశారు.

మూడో గేరు, 4000 ఆర్‌పీఎం దాటాక బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) 0.6 బార్ దగ్గరికి వస్తుంది, ఠప్‌మని శబ్దం, అంతే. బండి నడుస్తుంది కానీ ఆటోలు కూడా దాటేసి పోతాయి. ఇప్పటికి మూడుసార్లు ఊడింది. రెండోసారి క్లిప్పు ఎంత గట్టిగా బిగించానంటే దాని పళ్లు అరిగిపోయి స్క్రూ ఊరికే తిరుగుతోంది. ఇంకో సంగతి, ఊడకుండా ఉన్నప్పుడు కూడా 4500 దగ్గర రెండో టర్బో అందుకునే చోట బూస్ట్ బాగా పడిపోతోంది. మొదట్లో ఇంత పడేది కాదు.

స్టేజ్‌వన్_కూకట్‌పల్లి | శనివారం, రాత్రి 11:52

సింపుల్ బ్రో. ఒక్కో జాయింటుకి రెండేసి క్లిప్పులు వెయ్. నా బండికి మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్) మార్పించినప్పుడు నాకూ ఇలాగే ఊడింది, డబుల్ క్లిప్పు వేశాక మళ్లీ ఊడలేదు.

షార్జా_రిటర్న్ | ఆదివారం, ఉదయం 6:15

తమ్ముడూ, క్లిప్పుల సంగతి తర్వాత. ముందు నాలుగు విషయాలు చెప్పు. మూడుసార్లూ ఊడింది ఒకే చోటా, వేర్వేరు చోట్లా? ఊడిన చోట పైపు చివర గుండ్రంగా ఉబ్బెత్తు అంచు ఉందా, లేక నున్నగా ఉందా? లోపల నూనె జిడ్డు ఉందా? ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) ఎప్పుడు మార్చారు?

నేను పదకొండేళ్లు షార్జాలో గ్యారేజీలో చేశాను. అక్కడ ఈ రోటరీలు మనకి ఆల్టోలు కనపడ్డట్టు కనపడేవి. ఎండాకాలం 46, 47 డిగ్రీల్లో వీటి బానెట్ కింద చెయ్యి పెట్టినవాణ్ని కాబట్టి అడుగుతున్నా.

త్రికోణం_13బి | ఆదివారం, ఉదయం 9:30

అన్నా, మూడుసార్లూ థ్రాటిల్ దగ్గరి జాయింటే. మిగతావి కదల్లేదు. చివర చూశాను, నున్నగా ఉంది, టీ గ్లాసు అంచులా. మిగతా పైపుల చివర్లకి మాత్రం చుట్టూ చిన్న గట్టు ఉంది. లోపల వేలు పెడితే పల్చగా నూనె అంటింది. మౌంట్లు ఎప్పుడు మార్చారో తెలీదు, నా చేతికొచ్చాక మార్చలేదు.

షార్జా_రిటర్న్ | ఆదివారం, ఉదయం 9:48

దొంగ దొరికాడు. రెండంగుళాలు కోసినప్పుడు ఆ గట్టు కూడా కోసిన ముక్కతోనే పోయింది. దాన్ని బీడ్ అంటారు. క్లిప్పు బిగించేది ఆ గట్టుకి వెనకాల. గాలి సిలికాన్‌ని ముందుకి నెట్టినప్పుడు క్లిప్పు వచ్చి గట్టుకి తన్నుకుని ఆగుతుంది. గట్టు లేకపోతే నున్నటి అల్యూమినియం, పైన సిలికాన్, మధ్యలో నూనె. నువ్వు రెండు కాదు, నాలుగు క్లిప్పులు వేసినా సబ్బు చేతిలోంచి జారినట్టు జారుతుంది.

ఇంజిన్ సంగతీ ఉంది. గ్యాస్ తొక్కగానే ఇంజిన్ ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంటర్‌కూలర్ బాడీకి బిగించి ఉంటుంది, థ్రాటిల్ ఇంజిన్‌తో పాటు కదులుతుంది. ఆ లాగుడంతా పడేది నువ్వు చెప్పిన జాయింటు మీదే. ముప్పై ఏళ్ల రబ్బరు మౌంట్లయితే ఇంకా ఎక్కువ. అక్కడ తిన్నటి జాయింటు కాకుండా మధ్యలో ఉబ్బు ఉన్న హంప్ హోస్ వెయ్యి, కదలికని అది మింగుతుంది.

ఇంకోటి, కోప్పడుతున్నానని అనుకోకు. ఊడిన పైపుతో ఇంటిదాకా నడిపావు కదా? మూడుసార్లూ? ఫిల్టర్ లేకుండా మన రోడ్ల దుమ్మంతా నేరుగా ఇంజిన్‌లోకి పోయింది. టర్బోలేమో ఎదురు లేక ఇష్టమొచ్చినట్టు తిరిగాయి. ఈసారి ఊడితే పక్కకి తీసి బిగించుకునే కదులు, లేదా టోయింగ్ పిలిపించు.

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:20

ఆ తోపు ఎంతో ఒకసారి లెక్క కడదాం. 63 మి.మీ. పైపు నోటి వైశాల్యం దాదాపు 31 చదరపు సెంటీమీటర్లు. 0.7 బార్ అంటే చదరపు సెంటీమీటరుకి 0.7 కిలోలు అనుకోండి. రెంటినీ గుణిస్తే 22 కిలోలు. అంటే గ్యాస్ తొక్కిన ప్రతిసారీ బియ్యం బస్తా ఒకటి ఆ జాయింటుకి వేలాడదీసి, గేరు మార్చగానే తీసేస్తున్నట్టు. క్లిప్పు రాపిడి ఒక్కటీ దాన్ని ఆపాలనుకోవడం అత్యాశ.

డీజిల్_దాదా | ఆదివారం, ఉదయం 11:02

ఇదంతా ఎందుకు సార్. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఎవరికైనా స్పీడు ముప్పై. ఉన్న ఇంటర్‌కూలర్ ఉంచుకుంటే ఆదివారం మటన్ తింటూ ఇంట్లో కూర్చునేవాడివి.

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 11:35

దాదా గారూ, మటన్ విషయంలో మీతో వాదించను. కానీ ఇంటర్‌కూలర్ ఎందుకంటే, మే నెలలో బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిని 0.7 బార్‌కి నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికొచ్చే గాలి 110 డిగ్రీలు దాటుతుంది. టీ కాగే వేడి కంటే ఎక్కువ. మంచి ఇంటర్‌కూలర్ ఆ పెరిగిన వేడిలో 70 శాతం తీసేస్తే 60 దగ్గరికి దిగుతుంది. మామూలు ఇంజిన్‌లో వేడి గాలికి నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం, డెటొనేషన్ అన్నా అదే) వస్తే టకటకమని చెబుతుంది, మనం కాలు తీస్తాం. రోటరీ అంత టైమ్ ఇవ్వదు. ఒక్కో రోటర్‌కి మూడు మూలల్లో మూడు అపెక్స్ సీళ్లు, రెండు రోటర్లకి ఆరు. గట్టి డెటొనేషన్ ఒకటి పడిందంటే సీలు విరుగుతుంది, ఆ ముక్క ఎగ్జాస్ట్‌లోంచి పోతూ పోతూ టర్బో రెక్కలకి తగులుతుంది. ఇంజిన్, టర్బో రెండూ ఒకే దెబ్బకి.

పెద్ద ఇంటర్‌కూలర్, పొడుగు పైపులు పెడితే టర్బో ల్యాగ్ పెరుగుతుందని చాలామంది భయపడతారు. అదీ చూద్దాం. రెండు మీటర్ల పైపు ఎక్కువైందనుకుంటే లోపలి ఖాళీ 6 లీటర్ల చిల్లర. దాన్ని 0.7 బార్‌కి నింపడానికి అదనంగా కావాల్సింది నాలుగున్నర లీటర్ల గాలి. ఈ ఇంజిన్‌లో ఒక్కో రోటర్ 654 సీసీ, షాఫ్ట్ ఒక్క చుట్టుకి రెండూ కలిపి 1.3 లీటర్లు మింగుతాయి. 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 65 లీటర్లు. అంటే ఆ పైపు నిండటానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ల్యాగ్ ఉంటే దానికి కారణం పైపు పొడవు కాదు, లీకు, లేదా మరీ ఎక్కువ మలుపులు.

డీజిల్_దాదా | ఆదివారం, ఉదయం 11:41

సరే మాస్టారూ, ఒప్పుకున్నా. మటన్ మాత్రం వదలను.

స్టేజ్‌వన్_కూకట్‌పల్లి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

బ్రో పనిలో పని బ్లో-ఆఫ్ వాల్వ్ (కాలు తీయగానే పైపులో మిగిలిన గాలిని బయటికి వదిలేది) కూడా పెట్టించు. గేరు మార్చినప్పుడల్లా త్స్‌స్‌స్ అని సౌండు, అది లేకపోతే టర్బో బండి ఎందుకు?

షార్జా_రిటర్న్ | ఆదివారం, మధ్యాహ్నం 2:25

సౌండు కోసం అయితే వద్దు. అయితే ఒక తేడా తెలుసుకోండి. ఎఫ్‌డీకి ముందొచ్చిన పాత ఆర్‌ఎక్స్‌-7, అంటే ఎఫ్‌సీ టర్బోలో గాలిని ముందే ఫ్లాపు మీటరుతో కొలుస్తారు. కొలిచేసిన గాలిని బయటికి వదిలేస్తే కంప్యూటర్‌కి తెలీదు, పెట్రోలు మాత్రం పోస్తుంది, గేరు మార్చినప్పుడల్లా నల్లపొగ, తడబాటు. ఎఫ్‌డీలో మీటరు లేదు, మ్యానిఫోల్డ్‌లో ప్రెజర్ చూసి లెక్క కడుతుంది. అందుకే పైపు ఊడినా మన త్రికోణం బండి ఆగకుండా ఇంటిదాకా వచ్చింది. ఎఫ్‌సీ అయితే అక్కడే మొరాయించేది.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. తమ్ముడూ, ముందు ఇంటర్‌కూలర్ పెట్టాక రేడియేటర్‌కి గాలి ఎలా పోతోంది? రెంటి మధ్య ఖాళీ ఎంత? పక్కల నుంచి గాలి తప్పించుకోకుండా ఏమైనా అడ్డు పెట్టారా? రోటరీ నీళ్లు కాగడాన్ని అస్సలు ఓర్చుకోదు. ఒక్కసారి గట్టిగా ఓవర్‌హీట్ అయితే కూలెంట్ సీళ్లు పోతాయి, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మకు. అది చాలా దూరం మధ్యలోనే కూర్చుని ఉంటుంది, అది కదిలేసరికి పని అయిపోతుంది. వేరే డిజిటల్ గేజ్ పెట్టు. ఫ్యాన్లు కూడా కంపెనీ లెక్క ప్రకారం నూరు దాటాకే తిరుగుతాయి, మన ట్రాఫిక్‌కి అది ఆలస్యం.

బాలానగర్_టిగ్ | ఆదివారం, సాయంత్రం 5:50

తమ్మీ, నేను బాలానగర్‌లో అల్యూమినియం వెల్డింగ్ చేస్తా. ఎక్కువగా ట్యాంకులు, గిన్నెలు, అప్పుడప్పుడు బైకుల క్రాంక్‌కేసులు. నీ పైపు రెండు మిల్లీ మందం ఉంటే బీడ్ కొట్టే చేతి మిషన్ మీదనే అయిపోతది. పైపు చివర నుంచి ఎనిమిది, పది మిల్లీలు లోపలికి రెండు చక్రాల మధ్య పెట్టి తిప్పుకుంటూ పోతే గట్టు లేస్తది. ఒకేసారి లోతుగా నొక్కితే చీలుతది, మూడు నాలుగు చుట్లలో లేపాలె.

పైపు మరీ పొట్టిగా ఉండి మిషన్ పట్టకపోతే టిగ్‌తో చుట్టూ ఒక వరుస వెల్డింగ్ పోసి, ఆకురాయితో రెండు మిల్లీల ఎత్తుకి నున్నగ చేస్త. గట్టు పదును ఉండొద్దు, సిలికాన్ కోస్తది. వెల్డింగ్‌కి ముందు స్టీలు బ్రష్‌తో రుద్ది అసిటోన్‌తో తుడవాలె, నూనె ఉంటే నల్లగ పొంగుతది.

అన్నిటికన్న ముఖ్యం లోపల. రాకినంక పొడి పైపులోనే ఉంటది. అది నేరుగా ఇంజిన్‌లకు పోతది. పొడి పడొద్దని లోపల గుడ్డ కుక్కుతరు, మంచిదే, కానీ తీయడం మర్చిపోవద్దు. నా దగ్గర పనిచేసే పిల్లగాడు ఒకసారి ట్రాక్టర్ పైపులో గుడ్డ మర్చిండు. బండి స్టార్ట్ అయితలేదని రెండు రోజులు అందరూ డీజిల్ పంపు మీద పడ్డరు.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:00

ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దానిపై 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిలో మార్పులు చేయడం కుదరదు. ఏం మార్చినా ముందు ఆర్టీఏలో కనుక్కోండి. పరీక్షల పేరుతో రోడ్డు మీద రేసులొద్దు. చర్చ కొనసాగించండి.

త్రికోణం_13బి | బుధవారం, రాత్రి 10:15

మూడు రోజుల వృత్తాంతం.

సోమవారం రాణిగంజ్ వెళ్లాను. స్క్రూ క్లిప్పు బదులు బోల్టుతో బిగించే టీ-బోల్ట్ క్లాంపు అని అడిగితే మొదటి రెండు షాపుల్లో గ్యాస్ స్టవ్ పైపు క్లిప్పు చూపించారు. మూడో షాపు పెద్దాయన అల్మరా వెనక నుంచి దుమ్ము పట్టిన డబ్బా తీసి, "ఎన్ని కావాలి?" అన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు, అంచులు లోపలికి మడిచి ఉన్నాయి, సిలికాన్ కోసుకోదు. హంప్ హోస్ కూడా పక్క గల్లీలోనే దొరికింది.

మంగళవారం బాలానగర్ అన్న దగ్గరికి పైపు పట్టుకెళ్లాను. టిగ్‌తోనే గట్టు పోశారు. ఇంటికొచ్చి పైపుని సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగాను, మూడోసారి కూడా వెండి రంగు పొడి కాస్త వచ్చింది. నాలుగోసారి రాలేదు.

ఇక లీకు పరీక్ష. ప్లంబింగ్ షాపులో 63 మి.మీ. పీవీసీ పైపు జానెడు ముక్క, దానికి మూత కొన్నాను. మూతకి కన్నం పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు దిగ్గొట్టాను. టర్బోల తర్వాత కొత్త పైపు మొదలయ్యే చోట దాన్ని జాయింటులో పెట్టి బిగించి, పక్కనున్న పంక్చర్ షాపతన్ని బతిమాలి కంప్రెసర్ పెట్టించాను. 10 పీఎస్‌ఐ (0.7 బార్) దాటొద్దని ముందే చెప్పాను. అయినా అతను అలవాటు కొద్దీ "ముప్పై పెట్టమంటారా సార్?" అన్నాడు.

గాలి ఎక్కుతుంటే పాత్రలు కడిగే సబ్బు నురగని బ్రష్‌తో ప్రతి జాయింటుకీ రాశాను. థ్రాటిల్ దగ్గర బుడగ లేదు. గట్టు పట్టింది. కానీ ఎక్కడో సన్నగా శ్‌శ్ అని వినిపిస్తూనే ఉంది. పంక్చర్ షాపతనే చెవి పెట్టి విని చూపించాడు: ప్రెజర్ ట్యాంకుకి వెళ్లే సన్న గొట్టం కోసం కొత్త పైపు మీద అతికిన చిన్న నిపుల్. దాని మొదట్లో వెల్డింగ్‌లో సూది మొనంత కన్నం. నురగ రాయగానే అక్కడొక్కటే చిన్న బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది.

4500 దగ్గర పడిపోవడానికి ఇదేనా అన్నా?

షార్జా_రిటర్న్ | బుధవారం, రాత్రి 10:50

ఇదే అయ్యుండాలి. ఈ సిస్టమ్‌లో రెండో టర్బోని కలిపే మూతలన్నీ తెరిచేది, మూసేది ఆ ప్రెజర్, వాక్యూమ్ ట్యాంకుల బలంతోనే. ఆరోగ్యంగా ఉన్న ఎఫ్‌డీలో బూస్ట్ 10 పీఎస్‌ఐ, మారే చోట 8, మళ్లీ 10. ట్యాంకులో బలం లేకపోతే మూతలు బద్ధకంగా కదులుతాయి, మధ్యలో గొయ్యి పడుతుంది. ఆ కన్నం పూడ్పించు. సన్న గొట్టాలు ఎండిపోయి ఉంటే అవి కూడా మార్చెయ్. బానెట్ కింద వాటిని లెక్కపెట్టడం మొదలుపెడితే తెల్లారిపోతుంది, ఎలుకల గూడు అని ఊరికే అనరు.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. పైపు బయట, సిలికాన్ లోపల స్పిరిట్‌తో నూనె పోయేదాకా తుడువు. తర్వాత, నవ్వకు, పైపు చివర హెయిర్ స్ప్రే కొట్టి తడిగా ఉండగానే జాయింటు తొడుగు. ఎక్కేటప్పుడు జారుతుంది, ఆరాక జిగురులా పడుతుంది. షార్జాలో మా టూల్ బాక్సులో పానాల పక్కన అదొకటి ఉండేది.

రెండోది, లీకులన్నీ పోయాక ఇంజిన్‌కి అందే గాలి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ కూడా ఫ్రీగా ఉంటే చిన్న వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి మళ్లించే మూత) ఆపలేక బూస్ట్ తనంతట తనే పైకి పాకుతుంది. గేజ్ మీద కన్ను ఉంచు, 11 దాటితే కాలు తియ్యి. వైడ్‌బ్యాండ్ మీటరు (గాలి-పెట్రోలు నిష్పత్తి చూపేది) లేకుండా ఫుల్ బూస్ట్ తొక్కొద్దు. పెట్రోలు 91 ఆక్టేన్ వద్దు, 95 కంటే తగ్గకుండా పొయ్యి.

త్రికోణం_13బి | బుధవారం, రాత్రి 11:05

ఎగ్జాస్ట్ కంపెనీదే అన్నా. వైడ్‌బ్యాండ్ స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చాను. పెట్రోలు 95, అపెక్స్ సీళ్లకి నూనె అందాలని అందులో లీటరుకి 7 మిల్లీలు 2టీ ఆయిల్ (పాత టూ-స్ట్రోక్ స్కూటర్లకి పోసేది) కలుపుతున్నా. బంకులో 2టీ అడిగితే "స్కూటర్ ఎక్కడ సార్?" అని చుట్టూ వెతికారు.

త్రికోణం_13బి | ఆదివారం, ఉదయం 9:10

నిపుల్ కన్నం బాలానగర్ అన్న పూడ్చారు, డబ్బులు తీసుకోలేదు. మా చెల్లి హెయిర్ స్ప్రే సగం అయిపోయింది, ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

ఇవాళ పొద్దున ఐదున్నరకి నార్సింగి దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కాను. రోడ్డు ఖాళీ. మూడో గేరులో 5000 వరకు, అంటే వందకి అటూ ఇటూ, నాలుగుసార్లు తొక్కాను. 10, మారే చోట 8, మళ్లీ 10. బూస్ట్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 11 దగ్గర నిలిచింది. నాలుగోసారి అయ్యాక పక్కకి ఆపి బానెట్ ఎత్తి థ్రాటిల్ జాయింటు చూశాను. ముందే మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నా, వెంట్రుక వాసి కూడా జరగలేదు.

కానీ షార్జా అన్న చెప్పింది నిజమే. తిరిగొచ్చేటప్పుడు మెహదీపట్నంలో పది నిమిషాలు ఇరుక్కున్నాను. కొత్త డిజిటల్ గేజ్‌లో నీళ్లు 104 అయ్యాయి, డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం నిద్రపోతున్నట్టు మధ్యలోనే ఉంది. ఇంజిన్ వేడి కొంత లాగుతుందని హీటర్ ఫుల్ పెట్టి, అద్దాలు దించి, చెమటలు కక్కుతూ ఇల్లు చేరాను. ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది, గాలంతా అందులోంచే పక్కకి పోతోంది.

షార్జా_రిటర్న్ | ఆదివారం, ఉదయం 9:32

ఆ సందు మూసే వరకు సిటీలోకి తీయకు. అల్యూమినియం రేకుతో నాలుగు పక్కలా డబ్బాలా కట్టు, అంచులకి స్పాంజి పట్టీ అంటించు. గాలి ఇంటర్‌కూలర్‌లోంచి దూరి రేడియేటర్‌లోంచే బయటికి పోవాలి, ఇంకో దారి ఉండకూడదు. ఫ్యాన్లకి విడిగా స్విచ్ పెట్టించు, 95 దగ్గరే తిరగాలి. అప్పటికీ తగ్గకపోతే రెండింటినీ వాల్చి వీ ఆకారంలో పెట్టాలి, అది పెద్ద పని, తర్వాత మాట్లాడుకుందాం.

త్రికోణం_13బి | ఆదివారం, ఉదయం 9:40

రేకు ఎంత మందం తీసుకోవాలి? చిన్న ముక్కలుగా ఎక్కడ దొరుకుతుంది?

బాలానగర్_టిగ్ | ఆదివారం, ఉదయం 10:15

ఒకటిన్నర మిల్లీ చాలు. షాపుల తుక్కు ముక్కలు మస్తుగున్నయ్, కొలతలు అట్టముక్క మీద కోసుకొని పట్టుకరా. ఇయ్యాల రాకు, బంద్ ఉంటది.